దారిలోకి చలిమిడి

వాసు గండికోట ఫొటో తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టిన రోజున మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోవడం లేదు.

ఇల్లు యాప్రాల్‌లో. కట్టించింది వాసు. మా అప్ప గవరమ్మ కొడుకు, నాకు మేనల్లుడు. హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగం. మాది తుని దగ్గర పల్లె. నేను చాలా ఏళ్లు లారీ తోలాను. ఇప్పుడు కాప్రాలో ఒక స్కూలు బస్సు తోలుతూ, వాసు ఇంట్లో గేటు పక్క గదిలో ఉంటున్నాను. గేటు పక్క గదికి లోపలి మాటలన్నీ వినిపిస్తాయి. ఆ గదిలో మాటలు లోపలికి వినిపించవు.

ఇంట్లో మాటలు ఆగిపోవడానికి కారణం లోవలక్ష్మి. వాసు చెల్లెలు. దీపావళికి ముందు ఒక మధ్యాహ్నం చేతిలో గుడ్డ సంచితో ఆటో దిగింది. దాని మొగుడు రామకృష్ణ కడప జిల్లాలో, ఎర్రగుంట్ల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తాగడు, కొట్టడు. డ్యూటీకి వెళ్లేటప్పుడు క్వార్టరుకు బయట తాళం వేసుకుని పోతాడు. పెళ్లాం లోపల ఉంటుంది. నాలుగేళ్లు అలాగే గడిచింది. చివరికి ఒకరోజు పాలవాణ్ణి కిటికీలోంచి పిలిచి, రాయితో తాళం పగలగొట్టించుకుని, రైలెక్కి వచ్చేసింది.

మా అప్పకు తాళం వేసిన సంగతి కంటే పగలగొట్టించిన సంగతే ఎక్కువ గుచ్చుకుంది.

"పాలోడి సేత ఇరగ్గొట్టించుకుందట్రా ఎల్లాజీ! అత్తింటి గుమ్మం తాళం! పాలోడి సేత!"

"ఏసినోడు మొగుడే కదప్పా" అన్నాను.

"నీకేటి తెలుసు సంసారం" అంది. నాకు పెళ్లి కాలేదు. మా అప్ప దగ్గర ఏ మాటకైనా నాకు దొరికే జవాబు అదే.

కాలనీలో మాత్రం అల్లుడు ట్రైనింగుకు వెళ్లాడని చెప్పారు. మూడు నెలలు గడిచేసరికి ఎదురింటి శేషారత్నం గారు గేటు దగ్గర ఆగి, "ఇంకా ట్రైనింగేనా? ఐపీఎస్ ఏమన్నా ఇచ్చారా ఏంటి?" అని అడగడం మొదలుపెట్టింది. అడిగిన ప్రతిసారీ వాసు ముఖం ఆముదం తాగినట్టు అయ్యేది.

సంక్రాంతి వెళ్లాక లోవకు ఉద్యోగం వచ్చింది. ప్యారడైజ్ దగ్గర ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు చెవికి తగిలించుకుని విని, టైపు చేయాలి. ఆ రోజుల్లో సికింద్రాబాదులో అలాంటి బోర్డులు పాన్ డబ్బాల పైన కూడా వేలాడేవి. పక్కింటి మార్త టీచరు తన దగ్గర చదివిన పిల్ల ఎవరికో చెప్పి పరీక్ష రాయించింది. జనవరి ఆఖరి సోమవారం వచ్చి చేరమన్నారు. ఆ రోజున చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. పని రాత్రిపూట. సాయంత్రం కంపెనీ బండి వచ్చి తీసుకుపోతుంది.

"చీకటి పడే వేళకి బండొచ్చి హారన్ కొట్టి ఆడపిల్లని ఎక్కించుకుపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు వాసు.

"నిన్నూ అలాగే ఎక్కించుకుపోతున్నారు కదన్నయ్యా. నిన్నేమనుకుంటున్నారు?" అంది లోవ.

మాటలు ఆగింది అప్పుడే.

ఆ తరువాత వచ్చింది ఫొటో. ఎండిన దేశం. ఎర్రబండలు పలకలు పలకలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రెండు పక్కలా నిలువుగా దిగిపోయాయి. అడుగున పెన్న. నీళ్లు ఎక్కడో ఒక చారలా ఉన్నాయి. నాపరాళ్ల లోడు కోసం నేను ఆ పక్కకు వెళ్లినవాణ్ణే. కోట మాత్రం చూడలేదు. లోడు మీదున్న లారీ కోటల ముందు ఆగదు.

"ఇండియాలో గ్రాండ్ కేన్యన్ అంట" అన్నాడు వాసు, ఎవరి ముఖమూ చూడకుండా. "మా టీంలో సగం మంది చూసొచ్చారు. ఇరవై ఆరు శుక్రవారం పడింది. లాంగ్ వీకెండ్. శుక్రవారం పొద్దున్నే బయలుదేరితే కర్నూలులో టిఫిను, దారిలో బెలుం గుహలు, రాత్రికి జమ్మలమడుగు లాడ్జి. శనివారం గండికోట. ఆదివారం ఇంట్లో ఉంటాం. కొత్త కారు కదా, ఒక లాంగ్ డ్రైవ్ పడాలి. మావయ్య తోల్తాడు. అందరం వెళ్దాం."

అందరం అనే మాట ఆ ఇంట్లో విని చాలా కాలమైంది. లోవ పళ్లెంలోంచి తలెత్తింది.

"సుక్రవారం వొద్దు" అంది మా అప్ప.

"ఏం?"

"వొద్దంటే వొద్దు. సుక్రవారం పూట గుమ్మం దాటించడమేటి?"

"పోనీ గురువారం సెలవు పెడతాను."

"లచ్చివారం దచ్చినానికి సూల. ఎల్లకూడదు."

"అయితే శనివారం తెల్లవారుజామున. ఆదివారం రాత్రికి తిరిగొచ్చేయాలి. గుహలు కుదరవు."

"అలాగ్గానీ" అంది.

వాసు సరేనన్నాడు. సెలవు రోజు ఒకటి చేతిలో ఉండగా దాన్ని ఇంట్లో కూర్చుని పోగొట్టుకోవడానికి, తల్లి చాదస్తం కోసం, మారు మాట లేకుండా సరేనన్నాడు. తన పెళ్లి ముహూర్తాన్నే ఆఫీసు పని చూసి మార్పించినవాడు. అతని భార్య దుర్గ ఇంకా వింతగా, "అత్తయ్య చెప్పారంటే ఏదో ఉంటుంది" అంది. ఆ ఇంటికి కోడలుగా వచ్చాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

ఇంకొకటి కూడా నా బుర్రలో తిరిగింది. మా పక్క ఎవరు బండి కొన్నా ముందు లోవ తలుపులమ్మ కొండ దగ్గర పూజ చేయించాలి. వాసు కాలేజీలో ఉండగా కొన్న బైకును మా అప్ప రైలులో తుని పంపించి, పూజ చేయించి, మళ్లీ రైలులో తెప్పించింది. ఆ తల్లి పేరే కూతురికి పెట్టుకుంది. అలాంటిది కొత్త కారు తలుపులమ్మ ముఖం చూడకుండా రాళ్లు చూడటానికి పోతుంటే పెదవి విప్పలేదు.

"నేను రాను" అంది లోవ. "సోమవారం చేరాలి."

"ఆదివారం రాత్రికి ఇంట్లో పడేస్తాం అంటున్నానా లేదా?" అన్నాడు వాసు. "నీ ఉద్యోగం ఎవడూ ఎత్తుకుపోడు."

"నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది లోవా" అంది దుర్గ. మూడు నెలలుగా అన్నం తిన్నావా అని అడగని మనిషి. "విండో సీటు నీకే. నాకు వాంతులొచ్చినా సరే."

లోవ ఫొటోను దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. "ఇది మా క్వార్టర్స్‌కి దగ్గరే" అంది. "పక్కింటివాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లేవాళ్లు. వచ్చి కిటికీలోంచి చెప్పేవాళ్లు." తరువాత అన్నను సూటిగా చూసి, "ఎర్రగుంట్ల వైపు మాత్రం వెళ్లం కదా?" అని అడిగింది.

"అటెందుకు వెళ్తాం? గండికోట ఎక్కడ, ఎర్రగుంట్ల ఎక్కడ!"

జమ్మలమడుగు దాటితే ఎర్రగుంట్ల ఎంతో దూరం లేదు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో నాకు తెలుసు, లోవకు తెలుసు. వాసుకూ తెలుసు. ప్రింటు తీసిన దారి కాగితాలు అతని చేతి కిందే ఉన్నాయి.

"అయితే వస్తాను" అంది లోవ.

మరునాటి నుంచి ప్రయాణం ఏర్పాట్లు. ప్రయాణాల ఏర్పాట్లలో నవ్వులుంటాయి, మామూలుగా. ఇక్కడ చాకులు నూరుతున్నట్టుండేది. పులిహోర చాలంది మా అప్ప. చపాతీ కావాలంది దుర్గ. "కొండలెక్కడానికి ఎల్తన్నారా, పెళ్లికా?" అని అప్ప. "కొండలెక్కాలంటే మోకాళ్లుండాలి కదత్తయ్యా, మీరు కార్లో కూర్చుందురు గాని" అని కోడలు. అక్కడ చెట్టు నీడ ఉండదని, నీళ్లు మనమే మోసుకుపోవాలని వాసు ఆఫీసులో చెప్పినట్టు చెప్పేవాడు. ఏసీ వేస్తే అప్పకు తల నొప్పి. వేయకపోతే దుర్గకు దుమ్ము. లోవ ఏమీ అడగలేదు. ఒక జత బట్టలు విడిగా మడిచి పెట్టుకుంది, అంతే.

బుధవారం పొద్దున కారు కడుగుతున్నాను. వీధి చివర వడ్రంగం పని చేసే బ్రహ్మచారి సైకిలు ఆపాడు.

"ఏందన్నా, కారు గిట్ల మెరుస్తున్నది! ఏడికి పయనం?"

"గండికోట."

"ఏముంటదన్నా ఆడ?"

"రాళ్లు."

"రాళ్లకోసం గంత తక్లీఫా? మన మౌలాలి గుట్ట లేదా? రాళ్లు సుత గవే. పెట్రోలు మిగులుతది." నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా చూసి, వాసు బయటికి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. టైరును తన్నేవాడు బండి గురించి మాట్లాడటానికి రాడు.

"మావయ్యా, ఒక చిన్న డీవియేషన్ ఉంటుంది."

నేను గుడ్డ పిండుతున్నాను.

"గండికోట చూసేశాక జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల తిప్పు. ఫ్యాక్టరీ కాలనీ గేటు దగ్గర బావ ఉంటాడు. మాట్లాడేశాను. నువ్వు ఆపగానే దిగి డిక్కీ తెరువు. మిగతాది నేనూ బావా చూసుకుంటాం."

"డిక్కీలో ఏటుంటాది?"

"దాని పాత సూట్‌కేసు, పెళ్లికి ముందుది."

"అది సర్దుకుందా?"

"దుర్గ సర్దుతుంది." అతను గొంతు తగ్గించాడు. "అలా చూడకు మావయ్యా. ఇది శాశ్వతంగా ఇక్కడే ఉండిపోతే ఎలా? రాత్రి ఉద్యోగాలు! బావ ఇంక తాళం వెయ్యనన్నాడు. మాటిచ్చాడు."

"ఎవులికి?"

"నాకు."

"లోపలుండేది నువ్వు కాదు కదా."

వాసు ముఖం ఎర్రబడింది. "నిన్ను సలహా అడగలేదు. తోల్తావా, లేకపోతే డ్రైవర్ని మాట్లాడుకోమంటావా?"

నేను కాదంటే డ్రైవరు వస్తాడు. డ్రైవరుకు చెప్పిన గేటు దగ్గర ఆపడమే తెలుసు. నేనైతే స్టీరింగు నా చేతిలో ఉంటుంది. జమ్మలమడుగు నుంచి మరో మూడు దారులు ఉన్నాయి.

"తోల్తాను" అన్నాను.

"అమ్మకు తెలుసు. దానికి మాత్రం చెప్పకు" అన్నాడు. ఇంకోసారి టైరును తన్ని లోపలికి పోయాడు.

గురువారం మధ్యాహ్నం బస్సు పెట్టి వచ్చేసరికి ఇంట్లోంచి రోకలి చప్పుడు వినిపించింది. ఆ కాలనీలో రోకలి చప్పుడు ఎప్పుడూ లేదు. అందరికీ మిక్సీలే. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నేను పెరట్లోకి వెళ్లాను. మా అప్ప చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, తడి బియ్యం రోట్లో పోసి దంచుతోంది. తడి బియ్యం మరలో పట్టరన్నారట. పక్కనే లోవ గోనె మీద కూర్చుని పిండి జల్లిస్తోంది. జల్లెడ చప్పుడు, రోకలి చప్పుడు తప్ప మాట లేదు.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న మార్త టీచరు తల కనిపించింది. "ఏంటండీ గవరమ్మగారూ, పండగా?"

"పండగేటండీ. దారిలోకి" అంది అప్ప, దమ్ము తీసుకుంటూ.

"ఏం చేస్తున్నారు?"

అప్ప రోకలి ఆపింది. చెప్పక తప్పలేదు. "సలివిడి."

మార్త టీచరు తడి దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. వాళ్లు క్రైస్తవులు. అయినా గుంటూరు జిల్లా మనుషులు. చలిమిడి ఎప్పుడు చేస్తారో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎండదేశంలో కొండలెక్కేవాళ్లు పులిహోర పట్టుకుపోతారు, జంతికలు పట్టుకుపోతారు. చలిమిడి పట్టుకుపోరు. చలిమిడి ఆడపిల్ల వెంట వెళ్తుంది, అత్తింటికి. సారెలో అది లేకుండా ఏ తల్లీ కూతుర్ని పంపదు. మోసం చేసి పంపేటప్పుడు కూడా అది లేకుండా పంపలేదని నాకు ఆ రోట్లోకి చూస్తుంటే తెలిసింది. శుక్రవారం ఎందుకు వద్దందో తెలిసింది. ఆడపిల్లను శుక్రవారం ఇంట్లోంచి పంపరు. లక్ష్మి పోతుందంటారు.

కూతురి చేతే పిండి జల్లింపిస్తోంది. లోవ జల్లెడను మోచేత్తో కొట్టి, గరుకు మళ్లీ రోట్లో పోసింది.

"ఇంకా మెత్తగా దంచమ్మా" అంది. "పలుకులు తగుల్తున్నాయి."

మా అప్ప దాని ముఖంలోకి చూడలేదు. దంచింది.

సాయంత్రం పాకం పట్టారు. బెల్లం వాసన గేటు దాకా వచ్చింది. కొబ్బరి ముక్కలు నేతిలో వేయించిన వాసన, ఏలకుల వాసన. నేను లోవకు చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. అప్ప స్నానానికి పోయింది. వాసు, దుర్గ బజారుకు పోయారు. లోవ ఒక్కతే ఉంది. పెద్ద స్టీలు డబ్బా ముందు పెట్టుకుని చూస్తోంది. డబ్బా మూతకు నాలుగు పక్కలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దాన్ని నీళ్ల సీసాల వెనక, తువ్వాలు కప్పి దాచింది మా అప్ప. పక్కన ఒక రవికెల గుడ్డ, అరటిపళ్ల అత్తం.

"లోవా, శనివారం..." అన్నాను.

"తెలుసు మావయ్యా. అమ్మ బియ్యం నానబోసినప్పుడే తెలిసింది." మూత మీద కుంకుమ బొట్టు ఒకటి కారితే వేలితో సరిచేసింది. "పొద్దున నా సూట్‌కేసు వదిన మంచం కింద చూశాను. చలికోటు కూడా పెట్టింది. రెండు రోజుల ఊరికి."

"బండి నానే తోల్తాను. అటు తిప్పను."

"తిప్పకపోతే అన్నయ్య తిప్పుతాడు. నువ్వు దిగిపోతే వాడు కూర్చుంటాడు." తువ్వాలు తీసి మళ్లీ డబ్బా మీద కప్పింది. "ఆ క్వార్టరు తలుపుకి లోపల గడియ కూడా ఉండదు మావయ్యా. తీయించేశాడు. బయటిది ఒక్కటే."

లోవ డబ్బాను సీసాల వెనక్కి నెట్టింది.

"ఆ పులిహోరకి చింతపండు నానబెట్టొద్దని చెప్పు వదినకి" అంది. "దండగ."

నేను గదికి తిరిగి వస్తుంటే గోడ దగ్గర లోవ గొంతు, మార్త టీచరు గొంతు వినిపించాయి. మాటలు అందలేదు. చివర్న మార్త టీచరు "ఆయన్ని అడగాల్సిన పని లేదు, నేను చెప్తున్నాగా" అనడం మాత్రం వినబడింది.

శుక్రవారం. కాలనీలో ఇళ్లు కట్టని జాగా ఒకటుంది. అక్కడ ఇనప గొట్టం పాతి ఏటా జెండా ఎగరేస్తారు. అసోసియేషన్ ప్రెసిడెంటు మార్త టీచరు భర్త దేవానందం గారు. రైల్వేలో రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా వేసుకుని తాడు లాగారు. ముడి ఊడలేదు. మళ్లీ లాగారు.

"జెర ఆగుండ్రి సార్, గట్టిగ గుంజితే గొట్టం సుత వస్తది" అన్నాడు బ్రహ్మచారి. గొట్టం పాతింది అతనే. అందరూ నవ్వారు. మూడోసారికి ముడి విడి, పూలు రాలాయి. పాట పాడారు. వాసు ముందు వరసలో ఉన్నాడు, కొత్త కళ్లద్దాలతో. పక్కన దుర్గ. మా అప్ప వెనక ఆడవాళ్లలో.

బూందీ పొట్లాలు పంచడం మొదలయ్యేసరికి లోవ వచ్చింది. తలంటు పోసుకుంది. పట్టుచీర కట్టుకుంది. రెండు చేతులా స్టీలు డబ్బా. పసుపు, కుంకుమ అలాగే ఉన్నాయి. మా అప్ప దాన్ని చూసింది. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

లోవ సరాసరి ఎదురింటి శేషారత్నం గారి దగ్గరికి వెళ్లింది. మూత తీసి, చలిమిడి ఇంత తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తీసుకోండి పిన్నిగారూ. మా అమ్మ నాకు పెట్టిన సారె."

"సారెనా! అయితే అల్లుడుగారు ట్రైనింగ్ నుంచి వచ్చేశారన్నమాట! ఎప్పుడమ్మా ప్రయాణం?"

"ట్రైనింగ్ లేదండీ." లోవ గొంతు పెంచలేదు. కూరగాయలు ఎలా ఇస్తున్నారని అడిగినట్టే చెప్పింది. "ఆయన అక్కడే ఉన్నారు. డ్యూటీకి వెళ్లేటప్పుడు నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుంటారు. అందుకని వచ్చేశాను. రేపు గండికోట చూపిస్తామని తీసుకెళ్లి మళ్లీ అక్కడ దింపుదామనుకున్నారు మావాళ్లు. సారె ఆడపిల్ల దిగిన చోట పంచాలి కదండీ. నేను ఇక్కడే దిగాను. తినండి, బాగుంటుంది. మా అమ్మే దంచింది."

బూందీ పొట్లాల చప్పుడు కూడా ఆగిపోయింది. చలిమిడి చేతిలో పెట్టుకుని శేషారత్నం గారు మా అప్ప వైపు చూసింది. ఆమె చూస్తే అందరూ చూశారు.

ముందు చెయ్యి చాపింది మార్త టీచరు. నోట్లో వేసుకుని నమిలింది. "కొబ్బరి బాగా వేశారండీ గవరమ్మగారూ" అంది. ఆ మాట మెచ్చుకోలులా లేదు.

"చెల్లె, నాకు సుత వెయ్యి" అన్నాడు బ్రహ్మచారి. "పరేషాన్ గాకు. తాళం సంగతి నాకు జెప్తే ఎప్పుడో తీస్తుంటి గదా. గదే నా పని."

లోవ వరసగా పంచుకుంటూ వస్తోంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతోంది. అందరికీ మళ్లీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. వాసు చెల్లెలి దగ్గరికి వచ్చాడు. పళ్ల మధ్య నుంచి, "నోరు మూసుకుని ఇంటికి పద" అన్నాడు.

"వస్తాను. డబ్బా ఖాళీ కానీ."

"నా పరువు రోడ్డున పెట్టావు."

"నన్ను రోడ్డున దింపుతానన్నావు కదా. నాకు తోడుంటుంది."

నా వంతు వచ్చింది. రెండు చేతులూ పట్టాను.

"బాబాయ్‌గారూ, మీరు కూడానా!" అంది దుర్గ.

నేను నోట్లో వేసుకున్నాను. మెత్తగా ఉంది. ఒక్క పలుకు తగల్లేదు.

ఆఖరి ముద్ద మా అప్ప చేతిలో పెట్టింది లోవ. చలిమిడి నేల మీద పారేయకూడదు. తినడానికి మా అప్ప నోరు తెరుచుకోలేదు. జనమంతా వెళ్లిపోయాక కూడా అరచేతిలో పెట్టుకుని జెండా కింద అలాగే నిలబడింది. చీమలు పట్టిన బెల్లం ముక్కను చూసినట్టు చూసింది దాన్ని.

ఇంట్లో అరుపులు మధ్యాహ్నం దాకా సాగాయి.

"బావ గేటు దగ్గర నిలబడి ఉంటాడే! ఆయనకేం చెప్పమంటావ్?"

"కొత్త తాళంకప్ప కొన్నాడేమో అడుగు."

"పాలోడి సేత ఇరగ్గొట్టించావు, ఇప్పుడు ఊరందరి సేతా ఇరగ్గొట్టించావు" అంది మా అప్ప. "సారె పంచేత్తే మళ్లీ కట్టకూడదని తెలిసే సేసావు. తెలిసే!"

"నువ్వే నేర్పావు కదమ్మా" అంది లోవ.

"ఇంత తెగింపు ఉన్నదానివి ఈ ఇంట్లో ఉండకు" అన్నాడు వాసు. దుర్గ తలుపు పట్టుకుని నిలబడింది. కాదనలేదు. మా అప్పా కాదనలేదు.

"ఉండను. మార్త టీచరు గారి మేడ మీద గది మాట్లాడుకున్నాను."

లోవ లోపలికి పోయి అన్న మంచం కింది సూట్‌కేసు లాగింది. బరువుగా ఉంది. నేను అందుకున్నాను.

"మావయ్యా, కింద పెట్టు దాన్ని" అన్నాడు వాసు.

పెట్టలేదు.

"అయితే నువ్వు కూడా దాని వెనకే పోతావా?"

"నాను ఎక్కడికీ పోను. రేపు బండి తోలమన్నావు కదా. ఏళకి లేపు" అన్నాను.

వాసు బల్ల మీద ప్రింటు తీసిన దారి కాగితాలను మడిచాడు. మరీ చిన్నగా, ఇంక మడత పడనంత చిన్నగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

సూట్‌కేసు మేడ మీదికి చేర్చాక లోవ తెరిచి చూసింది. చీరలు, తువ్వాళ్లు, దువ్వెన, చలికోటు, సర్టిఫికెట్లు, తుని టైపింగు స్కూలు కాగితం కూడా. దుర్గ ఏదీ మరచిపోలేదు.

శనివారం నన్ను ఎవరూ లేపలేదు. కారు కడిగింది కడిగినట్టే ఉంది. పులిహోర మాత్రం చేశారు. చింతపండు నానబెట్టేశారట. ముగ్గురం మూడు చోట్ల కూర్చుని తిన్నాం. దుర్గ తినలేదు.

సోమవారం దీపాలు పెట్టే వేళకు కంపెనీ బండి వచ్చి మార్త టీచరు గారి గేటు ముందు ఆగింది. హారన్ రెండుసార్లు కొట్టింది. పైన వాసు గది కిటికీ గట్టిగా మూసుకున్న చప్పుడైంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మా అప్ప వరండాలో తోటకూర బాగు చేస్తోంది. తల ఎత్తలేదు. గోడ అవతల మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగింది. బండి తలుపు పడింది. బండి మలుపు తిరిగిపోయింది.

కాడలు పుటుక్కుమని విరుస్తూనే అడిగింది మా అప్ప, కసురుతున్నట్టు.

"ఆ బండి తోలీవోడు ముసిలోడా, కుర్రోడా?"

నేనున్న చోటికి డ్రైవరు కనబడలేదు.

"ముసిలోడే" అన్నాను.